శుక్రవారం రాని అమ్మాయి

1998 జూన్‌లో మా యాజమాన్యం నన్ను కళ్యాణ్ నుంచి భివండీకి బదిలీ చేసింది. రెండు ఊళ్ళలోనూ వాళ్ళకు జూనియర్ కాలేజీలు ఉండేవి. మహారాష్ట్రలో పదకొండు, పన్నెండు తరగతులను జూనియర్ కాలేజీ అంటారు, మన ఇంటర్మీడియట్ లాంటిదే. నేను చెప్పేది బుక్ కీపింగ్, అంటే జమాఖర్చుల పాఠం. చేరిన వారంలోనే ప్రిన్సిపాల్ దేశ్‌ముఖ్ మేడం పిలిచి హాజరు కమిటీకి కన్వీనర్‌గా కూడా నన్నే వేశారు. కారణం అడిగితే, పిల్లల్లో సగం మంది తెలుగువాళ్ళనీ, వాళ్ళ తల్లిదండ్రులు చెప్పేది పాత కన్వీనర్‌కు అర్థం కాక ప్రతిదానికీ తల ఊపేవాడనీ అన్నారు. నాది కరీంనగర్ జిల్లా కాబట్టి నాకు అర్థమవుతుందని ఆమె నమ్మకం. మాట అర్థమైనంత మాత్రాన మనిషి అర్థమవుతాడా అన్న సందేహం అప్పటికి మా ఇద్దరికీ రాలేదు.

కమిటీ పని గురించి రెండు మాటలు చెప్పాలి. ముప్పాతిక హాజరు లేని విద్యార్థికి బోర్డు పరీక్షకు హాల్‌టికెట్ రాదు. తగ్గినవాళ్ళు జబ్బు చేసిందని డాక్టరు లెటరు తెస్తే, కమిటీ దాన్ని పరిశీలించి కండోనేషన్‌కు, అంటే ఆ లోటును మాఫీ చేయడానికి, సిఫారసు చేస్తుంది. సంతకం ప్రిన్సిపాల్‌ది. ప్రిన్సిపాల్ సంతకం కన్వీనర్ మాట మీద, కన్వీనర్ మాట డాక్టరు లెటరు మీద నడుస్తాయి. మొత్తం వ్యవహారానికి పునాది ఆ కాగితం ముక్కే.

దీపావళి సెలవుల తర్వాత లెటర్లు రావడం మొదలైంది. మొదటివి చదివినప్పుడు జాలి కలిగింది. తర్వాతివి చదివినప్పుడు నవ్వొచ్చింది. అన్నీ పద్మనగర్‌లోని ఒకే డాక్టరు రాసినవి, అన్నిటిలోనూ ఒకే జబ్బు. ‘చదువు వల్ల కలిగిన మానసిక ఒత్తిడి, నరాల బలహీనత, విశ్రాంతి అవసరం.’ ఊళ్ళో కామెర్లు వచ్చాయంటే నమ్ముతాం, మలేరియా వచ్చిందంటే నమ్ముతాం. పన్నెండో తరగతి కామర్స్‌కు మాత్రమే సోకే ఒత్తిడిని నేను అంతకు ముందు వినలేదు. డాక్టరుకు డబ్బు ఇచ్చి రాయించుకుంటున్నారని ప్యూను దగ్గర్నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరికీ తెలుసు.

నాకు చిన్నప్పటి నుంచీ ఒక రోగం ఉంది. ఏదైనా వింతగా కనిపిస్తే, దాని వెనక ఏముందో తెలుసుకునేదాకా అన్నం సహించదు. ఇక్కడ వింత ఏమిటంటే, ఈ ఒత్తిడి రోగులందరూ శుక్రవారం పూట క్లాసులో ఉండేవాళ్ళు. సోమవారం నుంచి గురువారం దాకా నా ముందు ఖాళీ బెంచీలు. శుక్రవారం వస్తే కూర్చోవడానికి చోటు చాలక కిటికీ గట్టు మీద కూడా పిల్లలే. మళ్ళీ శనివారం ఖాళీ. జబ్బులకు కూడా వారానికో చుట్టీ, అదే సెలవు, ఉంటుందని భివండీ వచ్చాకే తెలిసింది.

ఇందులో సగం సంగతి ఊరివాళ్ళెవరైనా చెప్పగలరు. భివండీలో కార్ఖానాలు శుక్రవారం బంద్. మరమగ్గాన్ని అక్కడి తెలుగువాళ్ళు సాంచె అంటారు. ఒక మనిషి నాలుగేసి సాంచెలు చూసుకుంటాడు. పని పూటను పాలీ అంటారు, పగటికొకటి, రాత్రికొకటి. మిగతా రోజుల్లో ఊరంతా ఒకటే టకటక. కొత్తగా వచ్చినవాళ్ళకు చెవులు దిమ్మెక్కుతాయి, నెల తిరిగేసరికి ఆ చప్పుడు వినిపించడం మానేస్తుంది. మా కాలేజీ వెనక గోడను ఆనుకునే ఒక కార్ఖానా ఉండేది. ఆ వైపు గదుల్లో పాఠం చెప్పడమంటే అరవడమే. శుక్రవారం మాత్రం గొంతుకు సెలవు. కాబట్టి నా ఒత్తిడి రోగులు వారమంతా సాంచెల దగ్గర ఉంటున్నారన్నది ఊహించడం కష్టం కాలేదు.

మిగతా సగం ఊహకు అందలేదు. ఆరు రోజులు నిలబడి పనిచేసిన పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు దొరికిన ఒక్క చుట్టీ రోజున నిద్రపోతాడు, లేదా సినిమాకు పోతాడు. బుక్ కీపింగ్ క్లాసుకు ఎందుకొస్తాడు? నా పాఠం అంత బాగుంటుందన్న భ్రమ నాకు లేదు.

అందుకే ఒక సాయంత్రం ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. వంక వెతుక్కోవలసిన అవసరం లేకపోయింది, సుద్దపొడికీ గాలిలో తేలే నూలు దూదికీ నా గొంతు నిజంగానే పట్టేసింది. పద్మనగర్‌లో ఒక గుడి పక్క సందులో మెట్ల మీద ఆయన దవాఖానా. డాక్టర్ సత్యనారాయణ అని బోర్డు ఉన్నా అందరూ సత్తన్న డాక్టర్ అనే పిలిచేవాళ్ళు. యాభై దాటిన మనిషి, ఆయుర్వేదం చదివి రిజిస్టరైన వైద్యుడు. నన్ను చూడగానే కాలేజీ సారునని పోల్చుకున్నాడు.

“లెటర్ ముచ్చటకు వచ్చిండ్రా, మందుకు వచ్చిండ్రా సార్?” అన్నాడు.

రెండింటికీ అన్నాను. ఆయనేమీ తడబడలేదు. కూర్చోమని స్టూలు జరిపి, తర్వాతి రోగిని రమ్మన్నాడు. వచ్చినవాడు నా క్లాసు పిల్లవాడే. నన్ను చూసి గోడకు అతుక్కుపోయాడు. డాక్టరు వాడి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, నేను లేనట్టే అడగడం మొదలుపెట్టాడు.

“ఏ పాలీ?”

“దిన్‌పాలీ డాక్టర్ సాబ్. నాలుగు సాంచెలు.”

“నిద్ర పడ్తుందా?”

“పడ్తది గని, పండుకున్నంక గూడ చెవుల్ల సప్పుడే ఉంటది.”

రక్తపోటు చూశాడు, గుండె విన్నాడు, కనురెప్ప కిందికి లాగి చూశాడు. తర్వాత ఫీజు తీసుకుని సొరుగులో వేసుకున్నాడు. ఆ తర్వాతే లెటరు. ఇచ్చే ముందు కాగితాన్ని చేతిలోనే పట్టుకుని అడిగాడు, “శుక్రారం కాలేజికి పోతున్నవా? సార్ ఈడనే ఉన్నడు, అబద్ధం చెప్పకు. శుక్రారం ఎగ్గొట్టినవని తెలిస్తె మల్ల నా మెట్టు ఎక్కకు.”

నా రెండో సగం ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది. శుక్రవారం నా క్లాసు నిండేది నా పాఠానికి కాదు, ఈయన షరతుకు.

పిల్లవాడు వెళ్ళాక, లేని జబ్బు రాయడం తప్పు కాదా అని అడిగాను. ఆయన నా గొంతులోకి టార్చి వేసి చూస్తూ జవాబు చెప్పాడు. నేను నోరు తెరుచుకుని ఉన్నాను కాబట్టి ఎదురు చెప్పే అవకాశం లేదు.

“లేని జబ్బు ఎక్కడ రాసిన సార్? దినమంత నాలుగు సాంచెల నడుమ నిలవడి, ఇంటికొచ్చి డెబిట్ క్రెడిట్ సదివెటోనికి ఒత్తిడి లేదని మీరు రాసిస్తరా? మీ కాలేజిల ‘సాంచె నడిపిండు’ అని రాసేటందుకు జాగ లేదు. జబ్బు అని రాసేటందుకు జాగ ఉన్నది. ఉన్న జాగల రాస్తున్న.”

మరి ఫీజు ఎందుకంటే, “ముఫ్త్ ఇస్తె రోజొకడు వస్తడు” అని నవ్వాడు. నాకు మాత్రలు ఇచ్చాడు, వాటికీ డబ్బు తీసుకున్నాడు. మంచివాడో చెడ్డవాడో తేల్చుకోలేక ఆ మెట్లు దిగాను. ఇప్పటికీ పూర్తిగా తేల్చుకోలేదు.

జనవరిలో కమిటీ కూర్చుంది. మేడం కోపంగా ఉన్నారు. ఆ డాక్టరు పేరున్న లెటర్లన్నీ ఒకే దెబ్బకు తిరస్కరిద్దామన్నారు. నేను శుక్రవారం సంగతి చెప్పాను. ఆమె కోపం తగ్గి, ఒక నియమం పెట్టారు. శుక్రవారాలు వచ్చినవాళ్ళకు చదువు మీద శ్రద్ధ ఉన్నట్టు లెక్క, వాళ్ళకు సిఫారసు చేయవచ్చు. శుక్రవారం కూడా రానివాళ్ళు లెటరును అడ్డం పెట్టుకుని తిరుగుతున్నవాళ్ళు, వాళ్ళకు వద్దు. పాము చావకుండా కర్ర విరగకుండా ఉంది. మిగతా సభ్యులు మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను.

ఆ జల్లెడ పట్టాక కింద మిగిలింది ఒకే ఒక్క పేరు. జ్యోతి.

ఆ పేరు చూసి నేను ఆగిపోయాను. ఆమె నాకు బాగా గుర్తు. బోర్డు మీద బ్యాలెన్స్ షీట్ రెండు వైపులా కలవకపోతే, తప్పెక్కడుందో నాకంటే ముందు చూసి వేలు ఎత్తేది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మానకుండా వచ్చింది, శుక్రవారాలు తప్ప. అక్టోబరులో జరిగిన టర్మ్ పరీక్షలో ప్రశ్నపత్రం అందుకున్న కాసేపటికే తెల్లకాగితం ఇచ్చి లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కాలేజీ మొహం చూడలేదు. చదవలేదు కాబట్టి పారిపోయిందని అందరూ అనుకున్నారు. బ్యాలెన్స్ షీట్‌లో తప్పు పట్టే పిల్ల పరీక్షకు ఎందుకు పారిపోతుంది? ఊరందరికీ ఊపిరి తీసుకునే రోజు శుక్రవారమైతే, ఈమె మాత్రం ఆ రోజే ఎందుకు రాదు? తిరస్కరణ కాగితం మీద సంతకం పెట్టడానికి ముందు వారం గడువు అడిగాను. మేడం ఇచ్చారు.

జ్యోతి వాళ్ళ ఇల్లు కామత్‌ఘర్‌లో. కింద కార్ఖానా, పైన వరుసగా ఒంటిగది ఇళ్ళు. నేను కావాలనే శుక్రవారం వెళ్ళాను. కింద సాంచెల మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. సందులో మనుషుల మాటలు మామూలు గొంతుతో వినిపిస్తుంటే అదేదో వేరే ఊరిలా ఉంది. మెట్లెక్కుతుంటే పైనుంచి కుట్టుమిషను చప్పుడు ఆగకుండా వస్తోంది.

గదిలో జ్యోతి గోడకు ఆనుకుని మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయింది. పక్కన వాళ్ళమ్మ కుట్టుమిషను తొక్కుతోంది. నమస్కారం అన్నది గానీ తొక్కడం ఆపలేదు. మిషను కింద బట్ట లేదు. సూదికి దారమూ లేదు.

నా చూపు చూసి ఆమే చెప్పింది. “గిరాకి పని గాదు సార్. సప్పుడు కోసం తొక్కుతున్న. సాంచెలు బంద్ అయితె పిల్లకు దమ్ము ఆడది.”

తండ్రి మల్లేశం, ఆయనా సాంచెలు నడిపేవాడే, నన్ను బయటి వరండాలోకి తీసుకుపోయి మిగతాది చెప్పాడు. అంతకు ముందు ఏడాది పెద్దకొడుకు రమేశ్ కింది కార్ఖానాలోనే సాంచెలు నడిపేవాడు. ఒక రోజు మోటారు బెల్టులో అంగీ చెయ్యి చిక్కుకుంది. కార్ఖానాలో ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు మెయిన్ స్విచ్ దించుతారు. అన్ని సాంచెలూ ఒక్కసారిగా ఆగిపోతాయి. పై గదిలో చదువుకుంటున్న జ్యోతికి ముందు వినిపించింది ఆ నిశ్శబ్దమే. ఏమైందోనని మెట్లు దిగి, అన్న చెయ్యిని చూసింది. రమేశ్ బతికాడు, కుడిచెయ్యి పోయింది. అప్పటి నుంచి శుక్రవారం వచ్చినా, కరెంటు పోయినా, నిశ్శబ్దంగా ఉండే ఏ గదిలోకి వెళ్ళినా ఆమెకు గుండె దడ, చెమటలు, ఊపిరాడకపోవడం. కాలేజీలో వెనక వైపు క్లాసురూములు ఆమెకు ఇబ్బంది కాలేదు, అక్కడ గోడవతల సాంచెలు నడుస్తూ ఉండేవి. టర్మ్ పరీక్ష ముందు వైపు హాలులో పెట్టాం. అక్కడ సూది పడినా వినిపిస్తుంది. ఆ రోజు తర్వాత కాలేజీ పేరెత్తితేనే ఆమెకు భయం పట్టుకుందట.

నేను ఆయన్ని తిట్టినంత పని చేశాను. ఇంత నిజమైన జబ్బు పెట్టుకుని, ఊళ్ళో అందరూ కొనుక్కునే లెటరు ఎందుకు కొన్నావన్నాను. ఠాణేలో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, మనసుకు వైద్యం చేసే డాక్టర్లున్నారు, అక్కడినుంచి కాగితం తెస్తే బోర్డు కూడా కాదనలేదని, నేనే వెంట వస్తానని చెప్పాను.

మల్లేశం ఒకసారి కింది సందు వైపు చూశాడు. తర్వాత అన్నాడు, “సార్, మీరు సదువుకున్నోళ్ళు. గని ఒక్కటి ఇనుండ్రి. సత్తన్న డాక్టర్ లెటర్ గల్లిల ప్రతి పోరనికి ఉన్నది. ‘ఒత్తిడి’ అంటె అందరు నవ్వుతరు, ఎవ్వలు నమ్మరు. నమ్మరు గనుకనే మా పిల్లకు ఉన్నా ఏమనరు. ఠాణే పోయినమంటె మాత్రం నమ్ముతరు సార్. గప్పుడు ‘మల్లేశం బిడ్డకు పిస’ అంటరు. గా మాట ఇగ పోదు.”

పిస అంటే పిచ్చి. దొంగ లెటర్ల వల్ల నిజమైన రోగికి విలువ లేకుండా పోతుందని నేననుకుంటూ వచ్చాను. ఆ విలువ లేకపోవడమే ఈయన కొనుక్కున్నాడు. గుంపులో గోవిందా అన్నట్టు బిడ్డను ఆ అబద్ధాల మధ్య దాచిపెట్టాడు. మేం పెట్టిన శుక్రవారం జల్లెడ ఆ గుంపునంతా పైకి పంపించి, ఒక్క జ్యోతిని కింద వదిలేసింది. తిరస్కరిస్తే ఆమె ఏడాది పోతుంది. మళ్ళీ ఫీజు కట్టే ఓపిక ఆ ఇంటికి లేదు. ఆమె ఆ గదిలోనే, ఆ మిషను పక్కనే ఉండిపోతుంది.

వైద్యం మానొద్దని, అది పరీక్షల తర్వాతైనా సరే చేయించాలని మాట తీసుకున్నాను. హాల్‌టికెట్ సంగతి నాకు వదిలేయమన్నాను. వరండా దిగుతుంటే ధైర్యంగానే ఉంది, కాలేజీ గేటు చేరేసరికి కాస్త తగ్గింది.

నియమాల్లో ఎవరూ వాడని వాక్యం ఒకటి ఉండేది. అనుమానం ఉన్నచోట కన్వీనర్ స్వయంగా విచారించి సిఫారసు చేయవచ్చు. దాని కింద రాసుకుని మేడం ముందు పెట్టాను. జబ్బేమిటని అడిగారు. “లెటర్లో ఉన్నదే మేడం. ‘చదువు వల్ల’ అన్న మాట తీసేస్తే, ఇన్నిటిలో ఈ ఒక్కదాంట్లో ఆయన రాసింది అక్షరాలా నిజం” అన్నాను. ఇంటి సంగతి ఆమె ఒక్కరికే చెప్పి, బయటికి రాకూడదని కోరాను. ఆమె విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని సంతకం పెట్టారు. పెట్టాక మరాఠీలో అన్నదాని సారాంశం ఇది: హాలులోంచి మళ్ళీ లేచి వెళ్ళిపోతే ఆ తెల్లకాగితానికి బాధ్యత మీదే.

ఆ ఏడు మా కాలేజీయే పరీక్షా కేంద్రం, నేనే సెంటర్ కండక్టర్‌ని, అంటే కేంద్రం మొత్తానికి బాధ్యుణ్ణి. పరీక్ష గదిని అక్కడ బ్లాక్ అంటారు. సీటు నంబర్ల వరుస ప్రకారం బ్లాకులు నింపుకుంటూ పోవాలి, ఎవరినీ ఇష్టమొచ్చినచోట కూర్చోబెట్టడానికి లేదు. ఒక్క అమ్మాయిని వేరే గదిలో వేస్తే పది మంది ఎందుకని అడుగుతారు. కానీ బ్లాకుల లెక్క ఏ మూల నుంచి మొదలుపెట్టాలన్నది కండక్టర్ ఇష్టం. ఏటా ముందు వైపు నుంచి మొదలుపెట్టేవాళ్ళు, నేను వెనక నుంచి మొదలుపెట్టాను. జ్యోతి నంబరు కార్ఖానా గోడ పక్క గదిలో పడింది, కిటికీ పక్కన. కొత్త సార్‌కు వాస్తు పిచ్చి ఉందని స్టాఫ్ రూములో అనుకున్నారట. అనుకోనిచ్చాను.

మొదటి పేపర్లు గడిచాయి. ఆమె వచ్చింది, కూర్చుంది, రాసింది. చిక్కు టైమ్‌టేబుల్‌లో ఉంది. బుక్ కీపింగ్ పేపరు శుక్రవారం పడింది.

మళ్ళీ సత్తన్న డాక్టరు మెట్లెక్కాను. సంగతంతా చెబితే ఆయన మొహం మారిపోయింది. జ్యోతికి లెటరు రాసినప్పుడు ఆమెను కూడా అందరి మాదిరిగానే చూశాడట, తండ్రి పక్కన కూర్చుని నిజం చెప్పనివ్వలేదట. తర్వాత, “మీ కాలేజి ఎనక కార్ఖానా ఎవలదో తెలుసునా సార్?” అన్నాడు. తెలుసునన్నాను, పద్మనగర్‌లోని ఒక సేటుది. “గాయన కొడుకు గూడ మీ క్లాసే. వానికి లెటర్ ఎవలు రాసిండ్రనుకుంటున్నరు?” అని చెప్పులేసుకుని లేచాడు.

సేటు ఒప్పుకున్నాడు, కారణం పెద్దగా అడగలేదు. కానీ చుట్టీ రోజు పనివాళ్ళు రారు, రమ్మనే మొహం తనకు లేదన్నాడు. తాళంచెవి ఇస్తాను, నడిపేవాణ్ణి మీరే చూసుకోండి అన్నాడు. ఆ సాయంత్రమే డాక్టరు, నేను కామత్‌ఘర్ వెళ్ళి మల్లేశానికి చెప్పాం. ఆయన ఒక్క మాటే అన్నాడు. “నేను నడుపుత.” ఆ రోజు సాంచెలు నడుస్తాయని జ్యోతికి చెప్పాం, నడిపేది ఎవరో చెప్పలేదు.

శుక్రవారం గంట కొట్టారు. ప్రశ్నపత్రాలు పంచారు. గోడవతల నిశ్శబ్దం. కండక్టర్ ఒకే బ్లాక్ దగ్గర నిలబడకూడదు, అయినా నేను ఆ గది గుమ్మం దాటి పోలేకపోయాను. జ్యోతి కిటికీ వైపు చూస్తోంది. పెన్ను మూత తీయలేదు. నుదుటి మీద చెమట కనిపిస్తోంది. కరెంటు లేదా, తాళం తెరుచుకోలేదా, మల్లేశం రాలేదా అని నా మనసు పరిపరి విధాల పోయింది. ఆమె బల్ల అంచు పట్టుకుని సగం లేచింది. ఇన్విజిలేటర్ అటు తిరిగాడు.

అప్పుడు గోడవతల ఒక సాంచె కదిలింది. ముందు విడివిడిగా, తర్వాత కుదురుగా. కొంచెం ఆగి రెండోది అందుకుంది.

జ్యోతి కూర్చుంది. అరచేతులు కొంగుకు తుడుచుకుని పెన్ను మూత తీసింది.

కాసేపటికి ఇన్విజిలేటర్ విసుక్కుంటూ బయటికొచ్చాడు. శుక్రవారం కూడా ఈ గోలేమిటి సార్, ప్యూనుని పంపి ఆపించండి అన్నాడు. చెప్పి పంపిస్తానన్నాను. ఎవరికీ చెప్పలేదు, ఎవరినీ పంపలేదు. ఆ కేంద్రంలో నేను ఉద్దేశపూర్వకంగా చేసిన విధి నిర్వహణ లోపం అదొక్కటే, దానికి నాకు ఏ విచారమూ లేదు.

చివరి గంట తర్వాత ఆమె బయటికి వచ్చి నా దగ్గర ఆగింది. పేపరెలా రాశావని అడిగితే, బ్యాలెన్స్ షీట్ కలిసిందని చెప్పింది. తర్వాత, “ఎనక మా బాపు ఉన్నడా సార్?” అని అడిగింది. నేనేమీ అనకముందే మెట్లు దిగి కాలేజీ చుట్టూ తిరిగి కార్ఖానా గేటు వైపు పోయింది. సాంచెలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. పరీక్ష అయిపోయిందని లోపల ఉన్న మనిషికి ఎవరూ చెప్పలేదు. కాసేపటికి ఒకటి ఆగింది, తర్వాత రెండోది. గోడకు ఈవైపు నిలబడి నేను విన్నాను. ఈసారి సాంచెలను ఆపించింది ఆ అమ్మాయే.

జ్యోతి పాసైంది. ఆ వేసవిలో మల్లేశం మాట నిలబెట్టుకుని ఆమెను ఠాణే తీసుకెళ్ళాడు, చుట్టాలింటికి పోతున్నామని గల్లీలో చెప్పి. సత్తన్న డాక్టరు తోడు వెళ్ళాడు. తగ్గడానికి చాలా కాలమే పట్టిందని తర్వాత విన్నాను.

మరుసటి ఏడాది నుంచి ప్రభుత్వ డాక్టరు లెటరు మాత్రమే చెల్లుతుందని యాజమాన్యం ఉత్తర్వు ఇచ్చింది. ఒత్తిడి లెటర్లు ఆగిపోయాయి. శుక్రవారం నా క్లాసులో కిటికీ గట్టు ఖాళీ అయింది, తర్వాత బెంచీలూ ఖాళీ అయ్యాయి. సాంచెల దగ్గర ఉన్నవాళ్ళు అక్కడే ఉండిపోయారు. ఉత్తర్వులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నేను రిటైరయ్యేదాకా దాన్ని పాటించాను. కాకపోతే నా వంతుగా ఒక పద్ధతి కలుపుకున్నాను, తిరస్కరించే ముందు ఇంటికి వెళ్ళి చూడడం.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే. ఊరంతా ఒకే అబద్ధాన్ని కొనుక్కోవడానికి వరసలో నిలబడి ఉంటే, ఆ అబద్ధం ఎవరి విషయంలో నిజమో వాడు కూడా ఆ వరసలోనే ఎక్కడో నిలబడి ఉంటాడు. వరసను చెదరగొట్టే అధికారం ఉన్నవాడు ముందు ఒక్కొక్కరి ముఖం చూడాలి.